తలకు దెబ్బ తగిలిన మనిషికి మూడో రోజే జోస్యమా?

సంపాదకుల వారికి నమస్కారం.

బెంగళూరులో ఏ పెద్దాస్పత్రి న్యూరో ఐసీయూ ముందు కూర్చున్నా తెలుగు మాట వినపడని పూట ఉండదు. హిందూపురం, మదనపల్లె, కుప్పం, అనంతపురం, ఆదోని వైపు నుంచి బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలినవాళ్ళని అంబులెన్సులో తెస్తారు. రెండో రోజో మూడో రోజో ఇంటివాళ్ళని పక్కగదికి పిలుస్తారు. "మెదడంతా దెబ్బతింది, లాభం లేదు" అనో, "72 గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం" అనో అంటారు. ఆ ఒక్క మాట పట్టుకుని పొలం తాకట్టు పెట్టేవాళ్ళు పెడతారు, సొంత పూచీ కాగితం మీద సంతకం చేసి ఊరికి తీసుకెళ్ళేవాళ్ళు తీసుకెళ్తారు. పత్రికల జిల్లా పేజీల్లో ఈ వార్తలు వస్తూనే ఉంటాయి. కోమా, బ్రెయిన్‌డెడ్ రెండూ ఒకటే అన్నట్టు రాసేస్తుంటారు. మేము ఇలాంటి రోగుల్ని ఐసీయూలోనూ, ఆ తర్వాత పునరావాస వార్డులోనూ చూసే డాక్టర్లం, నర్సులం, ఫిజియోథెరపిస్టులం. తలగాయంలో తొలి రోజుల జోస్యం, మంచిదైనా చెడ్డదైనా, చాలాసార్లు పరీక్ష సరిగా జరక్కముందే నోరు జారి వచ్చేదని మా అభిప్రాయం. ఏ సంగతి ఎప్పుడు తెలుస్తుందో, ఏ పరీక్ష ఎక్కడ బోల్తా కొడుతుందో మీ పాఠకులకు తెలియాలని రాస్తున్నాం.

బ్రెయిన్‌డెడ్ సంగతి ముందు తేల్చేద్దాం. మెదడు కాండంతో సహా మెదడు పని మొత్తం ఆగిపోయి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినా సొంతంగా ఊపిరి తీసుకోవడం లేదని ఆప్నియా పరీక్షలో తేలి, కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు నలుగురు డాక్టర్ల బోర్డు ధ్రువీకరిస్తే, 1994 నాటి అవయవమార్పిడి చట్టం ప్రకారం అది మరణం. అందులోంచి ఎవరూ తిరిగి రారు. వచ్చారని వార్త కనపడితే ఆ పరీక్షలు పద్ధతి ప్రకారం జరగలేదన్నమాట. ఈ ఉత్తరం ఆ స్థితి గురించి కాదు.

కోమాలో కళ్ళు తెరవరు, గిచ్చినా లేవరు. అది ఏళ్ళ తరబడి ఉండదు. ప్రాణం నిలిస్తే సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో కళ్ళు తెరుస్తారు. కష్టం అక్కడే మొదలవుతుంది. కళ్ళు తెరిచాడు, నిద్రా మెలకువా వస్తున్నాయి, ఆవలిస్తాడు, పళ్ళు కొరుకుతాడు, కన్నీళ్ళు కూడా కారతాయి. కానీ చుట్టూ ఉన్నది తెలుస్తున్న ఆనవాలు లేదు. దీన్ని వెజిటేటివ్ స్టేట్ అంటారు. అదే మనిషి ఒక పూట అద్దం వెంట చూపు తిప్పి, మరో పూట చెప్పిన మాటకి వేలు కదిపి, మూడో పూట ఏమీ చేయకుండా ఉంటే అది మినిమల్లీ కాన్షస్ స్టేట్, అంటే అరకొర స్పృహ. ఈ స్థితికి లక్షణాలు ఖరారు చేసింది 2002లోనే. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ పడుతుందన్న దాన్ని బట్టే ముందుముందు కోలుకునే అంచనా మారిపోతుంది. అరకొర స్పృహలో ఉన్నవాళ్ళు కోలుకునే అవకాశం మొదటివాళ్ళకన్నా బాగా ఎక్కువ. ఈ గీత గీయడంలో పొరపాట్లు కొల్లలు. 2009లో బెల్జియం పరిశోధకులు చూస్తే, వైద్య బృందం ఏకాభిప్రాయంతో వెజిటేటివ్ అని తేల్చిన 44 మందిలో 18 మందికి పద్ధతి ప్రకారం పరీక్షించినప్పుడు స్పృహ ఆనవాళ్ళు దొరికాయి.

ఇక జోస్యం. మొదట అడగవలసిన ప్రశ్న, మెదడు దెబ్బతిన్నది దేనివల్ల? తల నేలకు కొట్టుకునా, గుండె ఆగి మెదడుకు ఆక్సిజన్ అందకనా? రెండింటి దారీ వేరు. 1994లో అమెరికా నాడీ వైద్య సంఘాలు కలిసి లెక్కకట్టిన దాని ప్రకారం, గాయం వల్ల నెలరోజుల తర్వాత కూడా వెజిటేటివ్ స్థితిలో ఉన్న పెద్దవాళ్ళలో 52 శాతం ఏడాది తిరిగేసరికి స్పృహలోకి వచ్చారు. గాయం కాని కారణాలతో అయితే 15 శాతమే. మనవాళ్ళ నోట నానిన 72 గంటల గడువుకి కచ్చితమైన వైద్యార్థం ఉన్నది గుండె ఆగిన రోగుల విషయంలో. అక్కడ యూరప్ సంఘాల 2021 మార్గదర్శకం స్పష్టం: గుండె మళ్ళీ కొట్టుకున్నాక 72 గంటలు దాటాలి, మత్తుమందు ప్రభావం పోయి ఉండాలి, నొప్పి పెట్టినప్పుడు చేతులు కదిలే తీరుకిచ్చే కదలిక స్కోరు ఆరింటికి 3 లేదా అంతకు తక్కువ ఉండాలి. ఆపైన కనీసం రెండు చెడ్డ గుర్తులు కలవాలి. కనుపాపలు వెలుగుకి, కళ్ళు తాకిడికి స్పందించకపోవడం, రెండు చేతుల నరాల నుంచీ మెదడు పైపొరకు ఎన్20 అనే సంకేతం చేరకపోవడం, మెదడు విద్యుత్ తరంగాలు చూపే ఈఈజీ బాగా పాడైపోవడం, 48 లేదా 72 గంటలప్పుడు రక్తంలో, దెబ్బతిన్న నాడీకణాల నుంచి వచ్చే ప్రోటీన్ ఎన్‌ఎస్‌ఈ లీటరుకు 60 మైక్రోగ్రాములు దాటడం, మొదటి మూడు రోజుల్లో ఒళ్ళంతా ఆగకుండా అదిరిపడుతుండటం, స్కానులో మెదడంతటా దెబ్బ కనిపించడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చాలదు.

రోడ్డు ప్రమాదంలో తలగాయం తగిలిన పాతికేళ్ళ కుర్రాడికి ఇదే కొలత పెట్టడం తప్పు. అతనికి మూడో రోజంటే మెదడు వాపు ముదిరే రోజు. రెండు నుంచి ఐదో రోజు దాకా వాపు పెరుగుతుంది కాబట్టి అప్పుడు రోగి ముందటి రోజుకన్నా అధ్వాన్నంగా కనపడటం మామూలే. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2018లో డాక్టర్లకు స్పష్టంగా చెప్పింది: గాయమైన మొదటి 28 రోజుల్లో ఇలాంటి రోగులందరికీ భవిష్యత్తు లేదన్నట్టు మాట్లాడకండి అని. ఆ మార్గదర్శకమే "శాశ్వత" వెజిటేటివ్ స్థితి అనే ముద్రనీ తీసేసింది. గాయం అయితే 12 నెలలు, కాకపోతే 3 నెలలు దాటాక "దీర్ఘకాలిక" అని మాత్రమే అనాలి, ఎందుకంటే ఆ తర్వాత కూడా కొద్దిమంది మెరుగవుతున్నారు.

2021లో అమెరికాలోని ట్రామా కేంద్రాల ఫలితాలు వచ్చాయి. తీవ్రమైన తలగాయం రోగుల్లో ఏడాది తర్వాత 52 శాతం మంది కనీసం పగటిపూట ఎనిమిది గంటలు ఇంట్లో ఒంటరిగా ఉండగల స్థితికో, అంతకన్నా మెరుగ్గానో వచ్చారు. రెండు వారాలప్పుడు వెజిటేటివ్ స్థితిలో ఉన్న 79 మందిలో 62 మంది ఏడాదిలో స్పృహలోకి వచ్చారు. అక్కడి పునరావాసం, అక్కడి నర్సింగ్ మన దగ్గర అందరికీ దొరకవు కాబట్టి ఆ అంకెల్ని యథాతథంగా మనకు అతికించుకోకూడదు. కానీ "రెండు వారాలైనా లేవలేదు, ఇక లేవడు" అనే మాట వాటి ముందు నిలబడదు.

ఇంకో చిక్కుంది. చెడ్డ జోస్యం తనను తానే నిజం చేసుకుంటుంది. కెనడాలో ఆరు ట్రామా కేంద్రాల్లో 720 మంది తీవ్ర తలగాయం రోగుల్ని పరిశీలించి 2011లో ప్రచురించారు. 228 మంది చనిపోయారు; ఆ మరణాల్లో 70 శాతం ప్రాణాధార చికిత్స ఆపేశాక జరిగినవి. అందులో సుమారు సగం మొదటి మూడు రోజుల్లోనే. చికిత్స ఆపడం ఒక ఆస్పత్రికి మరో ఆస్పత్రికి పొంతన లేకుండా, మరణాల్లో 45 నుంచి 87 శాతం దాకా ఉంది. రోగి కోలుకుంటాడా లేదా అనేది గాయంతో పాటు ఏ ఆస్పత్రిలో పడ్డాడన్న దాని మీద కూడా ఆధారపడిందన్నమాట. మన దగ్గర ఇదే పని మరో దారిలో జరుగుతుంది. బిల్లు పెరుగుతుంది, ఎవరో ఒక మాటంటారు, డాక్టర్ల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామని సంతకం పడుతుంది, అంబులెన్సులో ఊపిరి అందించే అంబూ బ్యాగు చేత్తో నొక్కుకుంటూ ఊరు చేరతారు. ఆ కేసు ఏ లెక్కలోనూ పడదు.

అంకెల కన్నా మాకు ముఖ్యమనిపించేది మంచం పక్కన జరిగే పరీక్ష. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే డాక్టర్లు కనిపెట్టిన కోమా స్కేలు (జీసీఎస్) అందరికీ తెలిసిందే: కళ్ళకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15, ఏమీ లేకపోయినా 3. ఇంటివాళ్ళకి "జీసీఎస్ ఐదు" అని ఒకే అంకె చెప్తారు. ఆ ఐదు ఎలా వచ్చిందో అడగండి. గొంతులో గొట్టం ఉంటే మాట స్కోరు తీయలేం, పక్కన టీ అని రాస్తాం. కనురెప్పలు వాచి మూసుకుపోతే కళ్ళ స్కోరు లెక్కలోకి రాదు. మిగిలింది కదలిక, అన్నిట్లోకీ విలువైంది అదే. గోరు మీద నొక్కితే చెయ్యి మడిచాడా, మెడ పక్కన కండ నొక్కితే చెయ్యి అక్కడిదాకా వచ్చిందా, చెయ్యి బిగుసుకుని లోపలికి మెలిపడిందా, చాచుకుపోయిందా అన్నవి వరుసగా 4, 5, 3, 2. చెప్పిన మాట విని చేస్తే 6. ఒక చెయ్యి విరిగి ఉన్నా, మెడ వెన్నుపాము దెబ్బతిన్నా ఈ స్కోరు అబద్ధం చెబుతుంది. అందుకే రెండు చేతుల్లో బాగున్న చెయ్యి స్కోరే రాయాలి. దీనికి 2018 నుంచి కనుపాపల్ని కూడా కలుపుతున్నారు: వెలుగుకి స్పందించని కనుపాప ఒక్కోదానికి ఒక మార్కు తీసేస్తారు. కంటికే దెబ్బ తగిలినా, కనుపాప పెద్దది చేసే చుక్కలు వేసినా ఇదీ తప్పుదారి పట్టిస్తుంది.

"చెప్పిన మాట విని" అన్నాం కదా, ఏ భాషలో చెప్పిన మాట? బెంగళూరు ఐసీయూలో రోగితో మాట్లాడేది ఇంగ్లిషు, హిందీ, కన్నడం, ఒక్కోసారి మలయాళం. ఆదోని నుంచి వచ్చిన రైతుకి "షో మీ టూ ఫింగర్స్" అంటే ఒంట్లో బాగున్నప్పుడే అర్థం కాదు. మెదడు దెబ్బతిన్నవాడు పరాయి భాష వెతుక్కుని అర్థం చేసుకుంటాడా? కదలిక 6 రావలసినవాడికి 5 పడుతుంది, మాటకు 4 రావలసిన చోట 2 పడుతుంది. ఈ లోటు పూడ్చడానికి యంత్రం అక్కర్లేదు, తెలుగొచ్చిన మనిషొకరు మంచం పక్కన నిలబడితే చాలు.

చేసే పద్ధతి ఇది. ముందు గది సిద్ధం చేయాలి: ఫోన్లు, టీవీ ఆపాలి, లైటు వేయాలి, రోగిని కాస్త ఎత్తుగా కూర్చోబెట్టాలి, కళ్ళద్దాలు, చెవి మిషను వాడేవాడైతే పెట్టాలి. అప్పుడే ఫిజియోథెరపీ అయిందనో, స్నానం చేయించారనో, ఫిట్స్ వచ్చి తగ్గాయనో అయితే ఆ పూట వద్దు. ఇంట్లో పిలిచే పేరుతో, ఇంటి యాసలో పిలవాలి; తండ్రిని "నాయనా, కండ్లు తెరువు" అని, కొడుకుని "నాలిక బయట పెట్టప్పా" అని. అడిగే పనులు చిన్నవి, ఇంతకు ముందు తనంతట తాను చేయనివి కావాలి: నాలుక బయట పెట్టడం, బొటనవేలు పైకెత్తడం, రెండు వేళ్ళు చూపడం, పైకి చూడడం. ఒకసారి చెప్పి పది సెకన్లు ఆగాలి. చాలామంది ఇక్కడే తొందరపడి మళ్ళీ మళ్ళీ అరుస్తారు. అప్పుడు ఏ కదలిక ఏ మాటకో తెలియదు. ఒకే పని నాలుగుసార్లు అడిగితే కనీసం మూడుసార్లు చేయాలి. అడగని సమయంలో కూడా అదే వేలు అన్నేసార్లు కదులుతుంటే అది లెక్కలోకి రాదు. "నా చెయ్యి పట్టుకో" అన్నది పనికిమాలిన పరీక్ష, ఎందుకంటే అరచేతిలో వేలు పెడితే పసిబిడ్డలా పట్టుకునే రిఫ్లెక్స్ మెదడు దెబ్బతిన్నవాళ్ళలో తిరిగి వస్తుంది. పట్టుకున్నాక "వదులు" అంటే వదిలాడా? అది చూడాలి.

చూపుకి అద్దం పెట్టండి. పెన్ను, టార్చి, వేలు వీటన్నిటికన్నా తన ముఖం తనకు కనిపించే అద్దం వెంట చూపు తిరగడం ఎక్కువ. ముఖానికి జానెడులోపు దూరంలో చేతి అద్దం పట్టుకుని ఎడమకు, కుడికి, పైకి, కిందికి నెమ్మదిగా జరపాలి. అరకొర స్పృహ తొలి ఆనవాలు చాలామందిలో ఇదే. మంచం పక్కన నడిచే మనిషి వైపు కళ్ళు తిరిగాయని ఇంటివాళ్ళు చెప్పినప్పుడు "మీ భ్రమ" అని కొట్టిపారేయకుండా అద్దం తెచ్చి చూడడం మా పని. పైకీ కిందికీ చూడడం, రెప్పలార్పడం తప్ప మరేదీ చేయలేని మనిషి లోపల పూర్తి స్పృహతో ఉండొచ్చు. మెదడు కాండం ముందు భాగం దెబ్బతిన్నప్పుడు వచ్చే లాక్డ్ ఇన్ స్థితి అది. పైకి చూడమని అడగనివాడికి అది ఎప్పటికీ దొరకదు.

ఇవన్నీ కలిపి పద్ధతిగా చేసే కొలత పేరు కోమా రికవరీ స్కేల్ రివైజ్డ్. 2004 నుంచి వాడుకలో ఉంది, ఆరు విభాగాలు, 23 మార్కులు. అరగంట పట్టొచ్చు. ఒక్కసారి చేసి వదిలేస్తే లాభం లేదు, స్పృహ పూటపూటకీ మారుతుంది కాబట్టి రెండు వారాల్లోపు కనీసం ఐదుసార్లు చేయాలని 2017 నాటి అధ్యయనం చెప్పింది. ఉదయం రౌండ్సులో రెండు నిమిషాలు చూసి రాసేది దీనికి సాటి రాదు.

పరీక్ష బాగా చేసినా రోగిని మబ్బుగా ఉంచేవి వేరే ఉంటాయి, వాటిని తీసేశాకే జోస్యం. మొదటిది మత్తుమందు. మిడజోలం, ఫెంటానిల్ రోజుల తరబడి ఎక్కించి ఆపితే ఆ సాయంత్రానికే దిగవు. కిడ్నీ, లివర్ పాడైనవాళ్ళలో, వయసు మళ్ళినవాళ్ళలో, లావుగా ఉన్నవాళ్ళలో ఇంకా ఆలస్యం. రక్తంలో ఆల్బుమిన్ తగ్గిపోయిన రోగికి ఫిట్స్ కోసం ఇచ్చే ఫెనిటాయిన్ మామూలు మోతాదు కూడా ఎక్కువై మగత తెస్తుంది. రక్తంలో మొత్తం మందు కొలిస్తే రిపోర్టు నార్మల్ అనే వస్తుంది. సోడియం పడిపోవడం, షుగర్ తగ్గడం, జ్వరం, చీము, పిట్యుటరీ గ్రంథి దెబ్బతిని థైరాయిడ్, కార్టిజోల్ తగ్గిపోవడం వరుసగా చూసుకోవాలి. బయటికి కనపడని ఫిట్స్ మరీ మోసం. ఒళ్ళు కదలదు, మెదడులో మాత్రం ఫిట్స్ నడుస్తుంటాయి. ఈఈజీ తీస్తేనే దొరుకుతాయి, అరగంట ఈఈజీలో తప్పిపోవచ్చు కూడా.

వార్డుకు వచ్చాకా, ఇంటికి వెళ్ళాకా వచ్చే చిక్కులు రెండున్నాయి. ఒకటి, మెదడులో నీరు చేరడం. పలుకుతున్నవాడు, చూస్తున్నవాడు వారాల తర్వాత మెల్లగా మందగిస్తే, మళ్ళీ సీటీ తీయించాలి. మెదడులోని నీటి గదులు పెద్దవైతే, ఆ నీటిని బయటికి మళ్ళించే గొట్టం (షంట్) వేస్తే తేరుకోవచ్చు. రెండోది, వాపు కోసం పుర్రె ఎముక తీసి పొట్ట చర్మం కింద దాచినవాళ్ళకి వస్తుంది. వాపు తగ్గాక ఆ పక్క తల లోపలికి గుంట పడుతుంది; కూర్చోబెడితే మరింత మందగించి, పడుకోబెడితే కాస్త నయంగా ఉంటాడు. ఎముక తిరిగి పెట్టాక కొందరిలో వచ్చే మార్పు కళ్ళారా చూడాల్సిందే. ఈ రెండింటినీ "గాయం ఇంతే, ఇక ఇంతే" అని వదిలేసిన రోగులు మా దగ్గరకు వస్తూనే ఉన్నారు. "ఇక మార్పు రాదు" అనే మాటకి ముందు కొత్త సీటీ ఒకటి ఉండాలి.

స్కానుల మాట. ప్రమాదం రోజు సీటీలో మధ్యరేఖ పక్కకి జరగడం, అడుగు నీటి తావులు మూసుకుపోవడం, చుక్కల్లా రక్తపు మచ్చలు ముప్పు పెంచుతాయి. సీటీ శుభ్రంగా ఉన్నా రోగి లేవకపోతే నరాల తీగలు తెగిన గాయం కోసం ఎంఆర్ఐ తీస్తాం. మెదడు కాండంలో రెండు వైపులా మచ్చలుంటే అది బరువైన సంగతి. అయినా ఆ మచ్చలుండి కూడా కోలుకున్న యువకులున్నారు. వయసు, కదలిక స్కోరు, కనుపాపలు, సీటీ కలిపి లెక్కవేసే సూత్రాలు రెండు వాడుకలో ఉన్నాయి, క్రాష్, ఇంపాక్ట్ అని. పదివేల మంది రోగుల ప్రయోగం నుంచి పుట్టిన క్రాష్ సూత్రంలో మనలాంటి దేశాలకు వేరే లెక్కే ఉంది, మనవాళ్ళు దాన్నే వాడాలి. అందులో 70 శాతం అని వస్తే అలాంటి వందమందిలో డెబ్భై మందికి అలా జరుగుతుందని. ఈ మంచం మీది మనిషి ఆ డెబ్భైలోనివాడో ముప్పైలోనివాడో ఆ సూత్రానికి తెలియదు. దాన్ని పట్టుకుని వెంటిలేటర్ తీయడం దాన్ని తయారుచేసినవాళ్ళ ఉద్దేశం కూడా కాదు.

ఈ సూత్రాలకి కావలసిన మొదటి అంకె దారిలోనే పోతుంది. అనంతపురంలో గొట్టం వేయకముందు, మత్తు ఇవ్వకముందు జీసీఎస్ ఎంత? కనుపాపలు ఎలా ఉన్నాయి? బీపీ 90 కిందికి పడిందా, ఆక్సిజన్ తగ్గిందా? ఒక్కసారి బీపీ పడినా మరణాల ముప్పు బాగా పెరుగుతుంది. బెంగళూరు చేరేసరికి రోగి మత్తులో ఉంటాడు, పంపిన చీటీలో "హెడ్ ఇంజురీ, రెఫర్డ్" అని మాత్రం ఉంటుంది. జిల్లా ఆస్పత్రుల డాక్టర్లకు మా విన్నపం: ఆ నాలుగు సంగతులు టైముతో సహా రాసి పంపండి.

పైకి ఏ స్పందనా లేకున్నా లోపల మాట అర్థమవుతున్నవాళ్ళు ఉంటారన్నది ఇప్పుడు తేలిన విషయం. 2006లో ఇంగ్లండులో ఒక యువతిని టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంటే ఆమె మెదడు స్కానులో మామూలు మనిషిలాగే వెలిగింది. 2019లో ఈఈజీతో చూస్తే మాటకు కదలని 104 మందిలో 16 మందిలో ఆ ఆనవాలు దొరికింది, ఏడాది తర్వాత వాళ్ళలో 44 శాతం మెరుగైన స్థితికి చేరారు, మిగతావాళ్ళలో 14 శాతమే. 2024లో పలు దేశాల్లో కలిపి చూస్తే నలుగురిలో ఒకరికి ఉంది. ఇది ఇంకా పరిశోధన కేంద్రాల పని. ఊళ్ళోని స్కానింగ్ సెంటరు "స్పృహ పరీక్ష" అని డబ్బు అడిగితే ఇవ్వకండి. దీనివల్ల ఈ పూటే చేయదగ్గ పని ఒకటుంది: మంచం పక్కన నిలబడి "వీడు బతికి ఏం లాభం" అని మాట్లాడడం మానేయడం. డాక్టర్లకీ ఇది వర్తిస్తుంది.

మందుల్లో ఆధారం ఉన్నది అమాంటడిన్‌కి. గాయమైన నాలుగు నుంచి పదహారు వారాల మధ్య రోజుకు రెండుసార్లు 100 నుంచి 200 మిల్లీగ్రాములు ఇస్తే కోలుకునే వేగం పెరిగిందని 184 మంది రోగులపై జరిగి 2012లో వచ్చిన ప్రయోగం చూపింది. కిడ్నీ బాగాలేకపోతే మోతాదు తగ్గాలి, ఫిట్స్ ఉంటే జాగ్రత్త. సొంతంగా కొని వేసే మందు కాదు. చీటీల్లో విరివిగా కనపడే సిటికోలిన్‌ని 1,213 మంది మీద పరీక్షిస్తే మేలు కనపడలేదని కూడా అదే ఏడాది తేలింది. మూలకణాల ఇంజెక్షన్ పేరుతో లక్షలు అడిగేవాళ్ళ జోలికి పోవద్దని గట్టిగా చెబుతున్నాం. ఆ డబ్బు పడకపుండ్లు రాకుండా గాలి పరుపుకీ, రెండు గంటలకోసారి పక్కకి తిప్పే మనిషికీ, ఫిజియోథెరపీకీ పెట్టండి.

డాక్టర్ని "లేస్తాడా?" అని అడిగితే డాక్టరు ఒకటి అనుకుని, ఇంటివాళ్ళు ఒకటి అనుకుని మాట్లాడుకుంటారు. స్పృహ రావడం వేరు, తన పేరు, ఊరు చెప్పడం వేరు, తినిపిస్తే తినడం, తనే తినడం, ఇంట్లో ఒంటరిగా ఉండగలగడం, పనికి వెళ్ళడం వేటికవే వేరు. కాబట్టి మెట్టు మెట్టుగా అడగండి. ఇప్పుడున్న స్థితి కోమానా, వెజిటేటివా, అరకొర స్పృహా? తెలుగులో పరీక్షించారా, ఎన్నిసార్లు? మత్తు ఆపి ఎన్నాళ్ళయింది? ఈఈజీ తీశారా? మళ్ళీ ఎప్పుడు అంచనా వేస్తారు? తేదీ చెప్పమనండి. కొందరికి స్పృహ వస్తుంది గానీ జీవితాంతం మంచం దగ్గరే సేవ చేయాల్సి వస్తుంది. ఆ మాట దాచి ఆశ పెట్టడం మొదటిరోజే ఆశ చంపేయడం కన్నా మెరుగేమీ కాదు.

చికిత్స ఆపాలనే నిర్ణయం ఎప్పుడూ తప్పని మేము అనం. రోగి ఇష్టం తెలిసి, కాలం గడిచి, పరీక్షలన్నీ ఒకే దిక్కు చూపినప్పుడు అది న్యాయమే. దానికి సుప్రీంకోర్టు 2018లో దారి చూపింది, 2023 జనవరిలో దాన్ని సులభం చేసింది: చికిత్స చేసే డాక్టరుతో పాటు అయిదేళ్ళ అనుభవమున్న ఇద్దరు నిపుణులతో ఒక బోర్డు, దానిపైన మరో బోర్డు, ఒక్కోటి వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో దీన్ని అమలు చేయమని ఉత్తర్వు ఇచ్చింది. ఈ దారి ఉండగా, అర్ధరాత్రి సొంత పూచీ కాగితం మీద పని కానివ్వడం ఆస్పత్రికి సుళువు, అంతే. డబ్బు లేక వెళ్ళిపోయేవాళ్ళు, రోడ్డు ప్రమాదమైతే 2025 మేలో కేంద్రం ప్రకటించిన నగదు రహిత చికిత్స పథకం గురించి అడగాలి: గుర్తింపు పొందిన ఆస్పత్రిలో ప్రమాదం నుంచి ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా.

ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి: తేదీ, టైము, అడిగిన మాట, పది సెకన్లలో చేసింది, చేయనిది, ఆ రోజు వేసిన మందులు, జ్వరం, ఫిట్స్. నాలుగు నెలలకోసారైనా న్యూరో పునరావాస విభాగానికి చూపించండి. బెంగళూరులో నిమ్హాన్స్‌లో ఆ విభాగం ఉంది. వచ్చేటప్పుడు ఆ పుస్తకం, డిశ్చార్జి సమ్మరీ, స్కానుల సీడీలు తెండి. వాట్సాప్‌లో ఫిల్మును ఫొటో తీసి పంపితే నీటి గదుల కొలత తీయలేం. ఫోనులో వీడియో తీసేటప్పుడు ముఖం, చెయ్యి రెండూ ఫ్రేములో ఉండాలి, అడిగే గొంతు వినపడాలి, అడగకముందు ఒక నిమిషం ఊరికే తీయాలి. అద్దం మరిచిపోవద్దు.

ఇట్లు,
బెంగళూరులో తలగాయం రోగులకు వైద్యం, పునరావాసం అందిస్తున్న తెలుగు వైద్య సిబ్బంది